లక్క ముద్ర

లక్క కరిగేటప్పుడు ఒక వాసనొస్తుంది,
మాడిన బెల్లానికీ కాలిన వెంట్రుకకీ నడుమ.
పదకొండేళ్లుగా నా చీరల్లో ఆ వాసనే.
విజయనగరం పోలీసాఫీసులో
మేడమెట్ల కింద మా సెక్షను.
జిల్లా ఖాకీ బతుకులన్నీ అక్కడ
అట్టల మధ్య, ఎర్ర టేపుల్లో నిద్రపోతుంటాయి.
జోకొట్టేది నేనే.

మొన్న బొబ్బిలి కోర్టు నుంచి కాగితం.
జనపనార మిల్లు కూలీ లెంక జగ్గన్న
గేటు దగ్గర ఎస్సైని కొట్టాడని కేసు.
కొట్టినవాడికి మూడు పక్కటెముకలు విరిగాయి.
దెబ్బ తిన్నాయనకి చొక్కా గుండీ ఒకటి ఊడింది.
కిల్లి ఊర్మిళ వకీలు అడిగిందట:
"ఈయన మీద ఇదివరకు ఇలాంటివి ఉన్నాయా?"
సర్కారు వకీలు లేచాడట:
"అది ఉద్యోగి సొంత సంగతి. రహస్యం."
మేజిస్ట్రేటు గారు కళ్లద్దాలు తుడుచుకుని
"సీలు వేసి పంపమనండి, ముందు నేను చూస్తాను" అన్నారట.

సీలు వేసే మనిషి లోపల చూడకూడదు.
కానీ రాసింది నా చెయ్యే.
పేజీ పద్నాలుగు: సాలూరు, రాత్రి లాకప్పు,
ఫిర్యాదీ హాజరు కానందున విచారణ మూసివేత.
పేజీ పంతొమ్మిది: మందలింపు.
పేజీ ఇరవై రెండు: ఇంక్రిమెంటు ఏడాది వాయిదా,
కింద వేరే సిరాతో, అప్పీలులో రద్దు.
గుండ్రటి అక్షరాలు నావి,
బళ్లో చేతిరాతకి స్టీలు గ్లాసు ఇచ్చారు.
ఇంత అందంగా రాస్తే
దెబ్బ కూడా పద్దులాగే ఉంటుంది.

అదే రిజిస్టర్లో పేజీ పదిహేడు.
భార్యకి కడుపు పోయింది, పన్నెండు రోజులు సెలవడిగాడు,
నాలుగిచ్చారు.
ఆ వెనకే విశాఖ ఆసుపత్రి చీటీ, నిద్ర పట్టదని.
ఇదెవరు చదవాలి?
చదివితే ఎవరి ఎముక అతుక్కుంటుంది?
మా నాన్న హెడ్డు కానిస్టేబులు.
ఆయన రిజిస్టరూ నా బీరువాలోనే, మూడో అర, ఎడమ పక్క.
దుమ్ము దులుపుతాను.
విప్పను.

టపా తీసుకెళ్లే అబ్బాయికి జ్వరమని
కవరు ఒళ్లో పెట్టుకుని నేనే బస్సెక్కాను.
రామభద్రపురంలో వంకాయ గంపలెక్కాయి.
"ఏటమ్మా, సుబలేకేటి, అంత బద్రంగా అట్టుకున్నావు?"
గంపల మనిషికి నవ్వొకటి ఇచ్చి
కిటికీ వైపు తిరిగాను.

కోర్టు వరండాలో జగ్గన్న తల్లి ముత్యాలు.
కవరు వైపు కాదు, నా ముఖం వైపే చూసింది.
"అందల ఏటుందో నీకు తెల్సు గదమ్మా."
అడగలేదు. చెప్పింది.

గదిలో ఇరవై నిమిషాలు ఫ్యాను చప్పుడు.
తర్వాత పేజీ పంతొమ్మిది ఒక్కటే
నకలు తీసి ఊర్మిళ చేతికిచ్చారు.
పదిహేడు లోపలే ఉంచారు. మంచిదే.
పద్నాలుగు కూడా లోపలే,
రుజువు కాని సంగతి కదా.
ఆ కాగితం వెనకవైపు ఎవరూ తిప్పలేదు.
గుండుసూదితో అక్కడ ఒక పోస్టు కవరు,
సాలూరు వెళ్లి తిరిగొచ్చింది.
ఫిర్యాదీ ఎందుకు రాలేదో
పోస్ట్‌మాన్ నీలి పెన్సిలుతో నాలుగు ముక్కలు రాశాడు:
చెన్నై పోయాడు. చెయ్యి పనిచెయ్యదు. రాడట.
గుచ్చింది నేనే. ముందుపక్క ఎక్కించమని
ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మళ్లీ సీలు వెయ్యాలి. కొవ్వొత్తి వెలిగించాను.
ముత్యాలు గుమ్మం దగ్గరికొచ్చింది.
"ఇంతేనా అమ్మా?"
లక్క బొట్టు బొట్టుగా పడుతోంది.
"ఇంతేనమ్మా" అన్నాను.

ఆ మాట ఏ పేజీలోనూ ఎక్కదు.
నా సర్వీసు రిజిస్టరు
మడత నలగకుండా, మచ్చ లేకుండా ఉంది.