సున్నా టికెట్టు

హొసకోట నుంచి శివాజీనగరకి
రోజుకు మూడు ట్రిప్పులు.
ఖాకీ చొక్కా, మెడలో మిషను, చంకలో సంచి.
బ్రేకు పడినా పడిపోకుండా నిలబడడం
నాకిప్పుడు నిద్రలో కూడా వచ్చు.

సర్కారు ఆడోళ్లకు టికెట్టు సున్నా చేసినాక
మిషను నొక్కి నొక్కి బొటనవేలు అరిగింది.
టమాటా బుట్టలమ్మకు ఇస్తా, కాలేజీ పిల్లకు ఇస్తా,
కోర్టు వాయిదాకు పోయే ముసలమ్మకు ఇస్తా.
రూపకళకు మాత్రం ఒక్కసారీ ఇవ్వలా.

ఆ పిల్ల చెయ్యి చాపేది.
పొట్టి వేళ్లు, గోళ్ల మీద వెలిసిపోయిన గోరింటాకు.
చాపిన చేతిని దాటి
వాళ్లమ్మ ఆంజినమ్మకే రెండు చీటీలూ ఇచ్చేదాన్ని.
ఎందుకని ఎవరూ అడగలా. నన్ను నేనూ అడగలా.
ఇరవై రెండేళ్ల పిల్లకు చంటిదాని గౌను,
దువ్వే పని లేకుండా కత్తిరించిన జుట్టు,
మణికట్టు ఎప్పుడూ అమ్మ గుప్పిట్లో.

ఉలుసూరులో కాగితం సంచులు అంటించే బడి ఒకటుంది.
అక్కడికే మునిరాజు కూడా పోతాడు.
వాడిదీ అదే మొహం, అదే మందమైన నాలుక.
వాడు మాత్రం పదహారో ఏట నుంచి ఒక్కడే.
మెడలో పాసు వేలాడేసి వాళ్ల నాయన అన్నాడు:
"మగపిల్లోడు కదమ్మా, తప్పిపోతే దొరుకుతాడు."
ఆ మాటలో మిగిలిన సగం
టిన్ ఫ్యాక్టరీ దాకా నా చెవిలో తిరిగింది.

ఒకరోజు మునిరాజు
ఆడోళ్ల సీట్లో, రూపకళ పక్కన కూర్చున్నాడు.
చిన్నప్పుడు బుగ్గ గిల్లినవాళ్లే
ఇప్పుడు మీసం చూసి లేచి నిలబడ్డారు.
ఎవడో వాడి మెడ పట్టాడు.
"ఎనక్కి పో" అన్నది నేనే. రూలు.
పోయినాడు, కడ్డీ పట్టుకోవడం మరిచి,
ఇద్దరి కాళ్లు తొక్కి, ఇంకో రెండు తిట్లు తిని.
వాడు లేచిన జాగాను
రూపకళ అరచేత్తో తడుముతా ఉండె.

మర్నాటి నుంచి ఆ పిల్ల రాలా.
నాలుగు నెలలు.
కె.ఆర్. పురం సంతలో ఆంజినమ్మ కనపడి
కొత్తిమీర ఏరుతా మెల్లగా అడిగింది:
"గర్భసంచి తీయించేస్తే నిమ్మళం అంటున్నారు.
నువ్వేమంటావు? లోకం చూసినదానివి."
లోకమంటే నేను చూసింది
ఇరవై ఆరు స్టాపులు.
"రూపకళ ఏమంటుంది?" అన్నా.
ఆమె నా మొహం చూసి,
ఏరిన కట్ట అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

మొన్న గురువారం, మొదటి ట్రిప్పు.
ముందు తలుపు మెట్టు మీద
చెవుల దాకా పెరిగిన జుట్టు, ఒక ఎర్ర క్లిప్పు,
కొంచెం వదులైన చుడీదారు.
వెనక ఎవరూ లేరు.
ఫుట్‌పాత్ మీద ఆంజినమ్మ చెయ్యి ఎత్తింది,
ఊపలా, దించలా.

"యాడికమ్మా?"
మాటను నాలుక మీద అటు తిప్పి ఇటు తిప్పి
"ఉలుసూరు" అంది.
తర్వాత వేలెత్తి,
"ఒకటి."

మిషను గురగురమని సున్నా రూపాయల చీటీ కక్కింది.
ఎవరి చేతిలో పెట్టాలో తెలుసు,
అయినా నా చెయ్యి ఒక క్షణం పక్కకు పోయింది, అలవాటు.
ఆ పిల్ల చీటీని చదవలా, వాసన చూసింది.
మడిచి, విప్పి, మళ్లీ మడిచే ధ్యాసలో
స్టాపు దాటిపోయింది.
నేను అరిచేలోపు తర్వాతి దాంట్లో దిగి
పూలమ్మే ఆమెను ఏదో అడుగుతా ఉంది.
బస్సు కదిలింది.
మధ్యాన్నం నాకు అన్నం దిగలా.

సాయంత్రం ఇద్దరూ ఎక్కారు.
ఎవరూ చెప్పకుండానే మునిరాజు ఎనక్కి పోయాడు.
ముందు సీటు నుంచి రూపకళ
బస్సంతా వినపడేలా
వాడు బాకీ ఉన్న వేరుశనక్కాయల లెక్క అడుగుతోంది.
అందరూ తిరిగి చూశారు.
చూడనీ.

ఆడోళ్ల సీట్లు అయిపోయి
మగోళ్లవి మొదలయ్యే చోట నా సీటుంది.
సంచి తీసి, "ఇక్కడ కూర్చోరా" అన్నా.
వాడు కూర్చున్నాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి
వేళ్లు ఒక్కొక్కటే మడిచి లెక్కపెట్టింది.
ఇంకా ఐదు కాయలు రావాలంట.