కుడి చెవి

ఎర్మెతె బ్రిగదోయ్, అరవై మూడేళ్లు.
పనెవెజ్జో అడవిలో స్ప్రూస్ మానుకి చెవి ఆనించి, సుత్తితో తట్టి
ఏది వయొలిన్ అవుతుందో, ఏది పొయ్యిలోకి పోతుందో చెప్పే మనిషి.
ఫైల్లో మాత్రం ఇంతే:
కపాలం అడుగున కార్డోమా,
ఆపరేషన్ తీయలేక వదిలింది నాలుగు ఘన సెంటీమీటర్లు.

త్రెంతోలో ఫిబ్రవరి. కిటికీ అవతల
ఎవరో నిచ్చెనెక్కి ఆపిల్ కొమ్మలు కత్తిరిస్తున్నారు.
ఇవతల నేను
ఒక పుర్రెని మిల్లీమీటరు మందాన పొరలు విప్పి
పొరపొరకీ గీత గీస్తున్నాను.

ఆకుపచ్చ, మెదడు కాండం: దాని జోలికి పోరాదు.
పసుపు, చూపు నరాలు: రెండు దారాలు, మధ్యలో ఒక ముడి.
నీలం, చెరోవైపు శనగగింజంత నత్త: వినికిడి.
ఎరుపు కణితిది.
ఆ ఎరుపు, కుడి నత్త గుమ్మంలో
కాళ్లు చాపుకుని కూర్చుంది.

ప్రోటాన్ మాట వినే కణం. ఆగమన్న చోట ఆగుతుంది.
ఆ చోటు చెప్పాల్సింది నేను.
ఎముక దాన్ని ఒకలా ఆపుతుంది, గాలి గది ఒకలా,
మొన్న బిగించిన టైటానియం మేకు ఇంకోలా.
అతనికి జలుబు చేసిందా,
నా లెక్క రెండు మిల్లీమీటర్ల అబద్ధం.

పామూ చావాలి, కర్రా విరగకూడదు.
పదకొండో ప్లానులో కర్ర విరగలేదు.
పాము తోక దగ్గర
నెలవంకంత చోటు చల్లగా మిగిలింది.

డాక్టర్ ఇల్దెగార్ద తెర మీద వేలు పెట్టింది.
"ఇక్కడ తగ్గింది."
"చెవి కోసం."
"తెలుసు."
కాఫీ చల్లారింది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.
"అతన్నే అడుగుదాం," అంది.

వచ్చాడు. కోటు విప్పలేదు.
డోసు గీతలు ఒకదాని లోపల ఒకటి, చాలాసేపు చూశాడు.
"చెట్టు కోస్తే కనపడే వలయాల్లా ఉన్నాయే.
ఇంత వంకర చెట్టుని మాత్రం నేనెప్పుడూ చూళ్లేదు."
తర్వాత నెలవంక మీద గోరు పెట్టి, "ఇది వదిలేస్తే?"
తిరిగి రావచ్చు, అన్నాం.
"రాకపోనూ వచ్చు?"
రాకపోనూ వచ్చు.

మా లెక్కలో అంతకంటే నిజం లేదు.

"బెరడు పురుగు పడ్డ ఏడు," అన్నాడు,
"సోకిన మాను పక్కన నిలబడ్డ మంచి మానునీ కొట్టేస్తాం.
కొట్టేముందు ఒకసారి తట్టి వింటాను. ఊరికే."
కాసేపు కోటు బొత్తాంతో ఆడుకున్నాడు.
"నిండుగా పెట్టండి.
ఎడమదానికి నేర్పుకుంటాను. ఒట్టి సోమరిది, ఇన్నాళ్లూ కుడిదాని మీదే బతికింది."

పన్నెండో ప్లాను.
నీలం నత్తకి నేను పెట్టిన కంచె తీసేయాలి.
ఒక్క అంకె చెరిపితే చాలు.
కంప్యూటర్ అడిగింది: ఖాయమేనా?
రోజుకు నలభైసార్లు అడుగుతుంది ఆ మాట,
ఆ రోజే విన్నాను.
చెవి వెంటనే పోదు. ఏడాదో, రెండేళ్లో,
పై స్వరాలు ముందు, పిట్టల కూతలు ముందు.
ఆ సంగతి కూడా కాగితం మీద రాసి సంతకం తీసుకున్నాం.

మొదటి రోజు. ముప్పై ఏడులో ఒకటి.
వల ముసుగు తొడగబోయే ముందు
అతను వేలి కణుపుతో బల్లని తట్టాడు.
"ఇదేం చెట్టు?"
"కార్బన్ ఫైబర్," అంది నీవెస్, క్లిప్పులు సర్దుతూ.
"పలకదు," అన్నాడు.

రెండు మీటర్ల కాంక్రీటుకి ఇవతల నేను.
తెరలో ముసుగు కింద అతని ముఖం, గట్టిగా, తెల్లగా.
పుంజం మొదలు కావడానికి నాలుగు సెకన్లు.
అతని ఎడమ చేయి మెల్లగా లేచి
బల్ల ఎడమ అంచుని తట్టింది. ఆగింది. మళ్లీ తట్టింది.

కదలకండి, అని మైకులో చెప్పాలి.
నాలుగో సెకను దాకా
నేను చెప్పలేదు.