నీళ్ళు ముందు

చీమకుర్తి. రోహిణి కార్తె.
షట్టరు సగం దించినా
తెల్లటి రాతిదుమ్ము లోపలికొచ్చి
బల్ల దగ్గర నాకంటే ముందే కూచునుంటుంది.

పాలిషింగు ఫ్యాక్టరీ వాళ్ళ కంప్యూటరది.
లోడు బిల్లులన్నీ అందులోనే.
మూత విప్పితే పంకా కనపళ్ళేదు,
దుమ్ము తడిసి, ఎండి, పెచ్చు కట్టి
పాత గోడ సున్నంలా ఉంది.

విప్పాను. తుడిచాను.
ఖాజావలి సారు నమాజుకి పొయ్యున్నాడు.
బయట గుమాస్తా మాలకొండయ్య
బండి దిగకుండానే హారను కొడుతున్నాడు:
"బతికుందా, పోయిందా?
ఒక్క ముక్క చెప్పబ్బాయ్!"

ఒక్క ముక్కే కదా.
పేస్టు పుయ్యకుండా
అల్యూమినియం దిమ్మె బిగించకుండా
పంకా తగిలించకుండా
స్విచ్చి నొక్కాను.

బతికే ఉంది.
తెర మీద మొదటి అక్షరాలు నేను చూశాను.
ఐదు లెక్కపెట్టేలోపు
మాడిన పోపు వాసన.
తరవాత ఎన్నిసార్లు నొక్కినా
తెర నా మొహాన్నే చూపించింది.

సారొచ్చాడు. తిట్టలేదు.
ప్రాసెసర్ నడుమ పడ్డ గోధుమరంగు మచ్చని
వేలితో తడిమి
"మీ నాయన ఏం పని చేసేవాడ్రా?" అన్నాడు,
తెలిసే.

మా నాయన పేరయ్య
కటింగు మిషను దగ్గర నీళ్ళ పైపు చూసేవాడు.
మనిషెత్తు రంపం నల్లరాయి మీదకి దిగే ముందు
నీళ్ళు పారుతున్నాయని ఆయన చెయ్యెత్తాలి.
ఎత్తందే బ్లేడు తిరగదు,
ఓనరొచ్చి నిలబడినా సరే.
"రాయీ గట్టిదే, రంపమూ గట్టిదే,
రెండిటి నడుమ నీళ్ళొక్కటే మెత్తన" అనేవాడు
నాని ముడతలుపడ్డ వేళ్ళతో
అన్నం కలుపుతూ.

ఆ అన్నం పదిహేనేళ్ళు తిన్నాను నేను.

ప్రాసెసర్ ఖరీదు పద్దెనిమిది వందలు.
నెలకి మూడొందలు చొప్పున జీతంలో పట్టుకున్నాడు సారు.
మచ్చపడ్డ దాన్ని మాత్రం
స్క్రూల డబ్బాలో నా ఎదురుగానే పెట్టాడు.

ఇప్పుడు ఎండనపడి వచ్చిన ఏ మిషన్నైనా
ముందు గచ్చు మీద దించుతాను.
"ఎండలోంచి వచ్చినోడి ఒళ్ళు పట్టుకుని
జొరమని చెప్పమాక" అంటాడు సారు.
మోసుకొచ్చినాయనకి కుండలో నీళ్ళు.
దానికి కాసేపు నీడ.
ఎవరు హారను కొట్టినా గమ్మునుంటాను.

పేస్టు వడ్లగింజంత, సరిగ్గా నడిమధ్యన.
దిమ్మె నాలుగు మూలలా సమంగా.
పంకా తిరిగేదీ లేనిదీ
కళ్ళని నమ్మను, అరచేతికి గాలి తగలాలి.

అప్పుడు
కుడిచెయ్యి స్విచ్చి మీదుండగా
ఎడమచెయ్యి దానంతటదే
కొంచెం పైకి లేస్తుంది.