పైన పొడి

నరసాపురం బస్టాండు పక్క బండి మీద
ఆరు ఆపిళ్లు కొన్నాను.
ప్రతి కాయ బుగ్గ మీదా ఓ స్టిక్కరు,
బడికెళ్లే పిల్లకి దిష్టిచుక్కలా.
"తేనేనండీ, తిని చూడండి" అన్నాడు బండబ్బాయి.
పుల్లటివి కావాలన్నాను.
నా మొహం కేసి చూసి, పొట్ట కేసి చూసి
నవ్వుకుంటూ ఒకటి కొసరు వేశాడు.
ఎలా చెప్పను, ఇది వేవిళ్ల పులుపు కాదని,
మా సలోమత్త అడిగిన పులుపని?

అత్తకి ఎనభై దాటాయి.
చూపు మసకబారింది కానీ వేళ్లు ఊరుకోవు.
ఒళ్లో దారం లేకపోయినా,
నిద్రలో కూడా,
లేని సూదితో లేని లేసు అల్లుతూనే ఉంటాయి.

మైదాలో వెన్న వేసి వేళ్ల కొసలతో నలపమంది.
"అరచెయ్యి తగలనీకు. వేడికి వెన్న కరిగితే
పిండి అలుగుద్ది."
చన్నీళ్లు చిలకరించి, ముద్ద చేసి,
తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్జు తెరవబోతే
కుండ పక్కన పెట్టమంది. అక్కడే పెట్టాను.

"దొరసాని పంచదార వేసేది.
మనకి బెల్లం కోరు చాలు.
దాల్చినచెక్క దంచు. నిమ్మచెక్క పిండు."
మిషను బంగళా వంటింట్లో పన్నెండేళ్ల పిల్లగా
తలుపు చాటున నిలబడి నేర్చుకున్నదంతా
ఇప్పుడు కుక్కిమంచం మీద నించి నాకు చెబుతోంది.
ఆ రోజుల్లో నీకు ఆపిళ్లెక్కడివి అత్తా?
"కాయలు దొరసానికి, తొక్కలు నాకు.
ఇంటికొచ్చి నేను చేసింది దోర జామకాయలతో."

పళ్లెంలో పిండి పరిచాను. ముక్కలు నింపాను.
మిగిలిన పిండి పట్టీలుగా కోసి
కిందా మీదా నేసి మూత అల్లుదామనుకున్నాను,
ఫోన్లో చూశాను, ఎంత అందంగా ఉందో.
అల్లనా అత్తా?

వేళ్లు ఒక్క క్షణం ఆగాయి.

"పగలు అరుగు మీద అల్లాను.
రాత్రి బుడ్డిదీపం కింద అల్లాను.
కట్టకింతని ఏజెంటు విసిరిన చిల్లరకి అల్లాను.
వేలు చీరుకుని దారానికి నెత్తురంటితే
ఆ ముక్కకి కూలి లేదు.
అంతా ఎవరి బల్లల మీద పరుచుకున్నారో, ఏం తిన్నారో.
నా నోట్లోకి పోయేదానికి కూడా అల్లాలా?
పొడి చల్లు."

పిండి, వెన్న, బెల్లం, ఉప్పు రెండు రాళ్లు.
"ముద్ద కానీకు, ఇసక కానీకు.
పెసరబద్దంత ఒకటి, ఆవగింజంత ఒకటి.
అన్నీ ఒక్కలా ఉంటే మళ్లీ లేసే అవుద్ది."

ఓవెన్ ఎర్రబడి ఇరవై నిమిషాలైందో లేదో
కరెంటు పోయింది.
రొయ్యల చెరువుల మీద తెడ్ల చక్రాలు ఆగి
ఊరు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.
అత్త నవ్వడం అప్పుడు విన్నాను.

పెరట్లో పాత డేగిశా, అడుగున ఇసక,
కొబ్బరిచిప్పల నిప్పులు.
"కింద నాలుగు, మూత మీద ఎనిమిది.
దొరసాని పై, పై అంటుంటే
పైన నిప్పు పెట్టమంటందని
చాన్నాళ్లు అనుకున్నానే పిల్లా."

ఉప్పుగాలి ఎటు తిరిగితే అటు
కాలిన బెల్లం వాసన మళ్లింది.
పక్కింటి బేబిరాణి గోడ మీద గడ్డం ఆనించి
"ఏం వండుతున్నారండీ?" అంది.
పేరు చెబితే "పైన ఏంటి?" అనడిగింది.

ఒక పక్క మాడింది. దాన్ని నా వైపు తిప్పుకున్నాను.
అత్త తినే ముందు తడిమింది,
తప్పిన పోగు వెతికే పాత అలవాటుతో,
అంచు నించి మధ్యకి, మధ్య నించి అంచుకి.
గరుకు, గుంట, గరుకు. ఎక్కడా పోగు లేదు.
వేళ్లు ఒళ్లో పడుకున్నాయి.

"జామకాయే నయం" అంది నములుతూ,
ఇంకో ముక్క పెట్టమని పళ్లెం చాపింది.

కరెంటు వచ్చింది.
వంటింట్లో ఖాళీ ఓవెన్ వెలిగింది.
చీర మీద రాలిన పొడిని
బొటనవేలూ చూపుడువేలూ కలిపి
ఒక్కొక్కటే ఏరుకుని తింటోంది అత్త.
స్విచ్చి ఆపడానికి నేను లేవలేదు.