బై నంబరు

మా ఇంటికి మూడు నంబర్లు.
కార్పొరేషన్ కాగితంలో పదహారు, పదకొండు, ఇరవై, బై ఏ.
కరెంటు మీటరు మీద వేరే.
నల్లా బిల్లతను గోడమీద సుద్దతో రాసింది ఇంకొకటి,
వానకి పోతుంది, మళ్ళీ వచ్చి రాస్తాడు.
మూసారాంబాగ్‌లో ఇల్లు మాత్రం ఒకటే.
వాకిట్లో సంపు కూడా ఒకటే:
మా మోటారు, కింద నుస్రత్ ఆపా మోటారు
అవే నీళ్ళని రెండు దిక్కులకి లాగుతాయి.

రాత్రి పదకొండున్నరకి ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే,
నా ప్రోగ్రాము కాస్త మెమరీ అడిగింది.
కెర్నెల్ చేతిలో ఒక అంకె పెట్టింది: ఏడు.
సాకెట్‌లోంచి పక్క ప్రాసెస్‌కి అందిస్తే
అక్కడది పన్నెండు.
కొత్తలో నేను ఉత్త అంకెనే పంపాను.
అవతల ఏడంటే ఎవరిదో లాగ్ ఫైలు.
రాత్రంతా పరాయి గుమ్మంలో
పాల ప్యాకెట్లు వేసుకుంటూ పోయాను.

మెట్టుగూడ నుంచి గ్లోరీ ఫోను.
"నీ లైనక్స్‌ల పేరు లేకుండనే పుడతది.
నా మ్యాక్‌ల పేరు పెట్టందే తలుపు తియ్యది.
ముప్పై ఒక్క అక్షరాలు దాటొద్దంటది.
కొలత ఒక్కసారే, మళ్ళ పెంచుతనంటే కసురుతది."

సరే, పెడదాం ఒక పేరు.
ప్రాసెస్ నంబరు, వెనక నాలుగు పిచ్చి అక్షరాలు.
అదే పేరు ఎవరికైనా ఉంటే ఇంకో నాలుగు.
తలుపు తెరుచుకోగానే
కింది లైన్లోనే
పేరు చెరిపేద్దాం.

"చెరిపేస్తే ఇల్లుంటదా?"

ఉంటుంది. లోపల ఒక్కరున్నా ఉంటుంది.
చెరపకపోతేనే కష్టం.
మనం మధ్యలో కూలిపోతే
రెండు గిగాల ఖాళీ ఇల్లు
మన పేరు బోర్డుతో తాళమేసి పడుంటుంది.

లోపలి అతిథి యంత్రానికి ఈ గొడవేం పట్టదు.
సున్నా నుంచి మొదలయ్యే నేలంతా
తాతల నాటిదే అనుకుంటుంది పాపం.
దాని పళ్ళెంలోంచే మేం ప్యాకెట్లు తీస్తాం,
వేరే గిన్నెలోకి వంచకుండా.

పన్నెండూ నలభై. నా దగ్గర పచ్చ.
గ్లోరీ దగ్గరా పచ్చ.
"కానీ నూట నాలుగో లైను చూడు," అంది,
"మ్యాప్ కుదరకపోతే తిరిగొచ్చేస్తున్నవు,
ఆ ఏడుని ఎవరు మూస్తరు?"

నోరు తెరిచేలోపు కింద నుంచి కేక:
"అరే, మోటార్ బంద్ కరో!"
ఎనిమిదింటికి వేశాను.
ట్యాంకు పొంగి
గోడమీద సుద్ద నంబరు
తెల్లగా మెట్లమీదికి దిగుతోంది.