ఖాళీ క్యాసెట్టు

గ్రీమ్స్‌పేటలో ఏకాంబరం అంగడి
వెడల్పు రెండు మూరలు, లోతు నలభై ఏండ్లు.
పొట్టలు విప్పేసిన రేడియోలు, సీసం వాసన,
గోడకి పోయినేటి క్యాలెండరు.

"కొత్త డెక్కు వేసుకోన్నా, మూడు వేలే,
తెర మీద బొమ్మలు గూడా ఆడతాయి" అన్నాడు.
వద్దన్నాను.
పలమనేరు టమాటా మండీ ఆయన దగ్గర
మూడో చేతిగా కొన్న యాక్సెంటు ఇది,
సీటు సందుల్లో ఇంకా ఇత్తనాలు దొరకతాయి.
కంపెనీవాడు పెట్టిన స్టీరియో
దవడలో మొలిచిన పన్ను మాదిరి కూర్చోనుంటాది.
రాత్రిళ్లు ఆవుల కాడికి పోయేటప్పుడు
పదకొండు నిమిషాలు ఎనక నడిచే
దాని నారింజ రంగు గడియారమే నాకు తోడు.
దాన్ని ఎట్ల పీకేసేది?

ఏకాంబరం నొసటి మీది కండ్లద్దాలు దించినాడు.
గుడ్డ చుట్టిన యాక్సా బ్లేడు సందులో పెట్టి
మెల్లిగా, వంచి, తిప్పి, మళ్లా వంచి
స్టీరియోను బయటికి లాగినాడు.
నేను చేసిన కాన్పుల్లో
ఇంత నెమ్మదిగా ఏ దూడా రాలేదు.

చెన్నై నించి తెప్పించిన బ్లూటూత్ బోర్డు
అగ్గిపెట్టెలో సగం లేదు.
టేపు హెడ్డు తీగలు తెంపి
ఆ చోట దీని తీగలు అతికినాడు. ఎడమ. కుడి. నేల.
ఫోను కలిసింది. స్టీరియో పలకలేదు.

"పాతదానికి ఒక మొండితనమన్నా,
నోట్లో క్యాసెట్టు లేకుండా నోరు తెరవదు.
గాల్లో పాట వస్తాదంటే నమ్మదు."
సొరుగు గాలించి ఒకటి తీసినాడు,
పేరు రాసిన కాగితం ఎప్పుడో అరిగిపోయింది.
అయిదు స్క్రూలు విప్పి, టేపంతా ఏలికి చుట్టి
పేగు లాగినట్టు లాగేసి
ఉత్త డొక్కను లోపలికి తోసినాడు.
ఒక చక్రం తిరగతా ఉంది,
రెండోది ఊరికే కూర్చోనుంది.
డెక్కు నమ్మేసింది.

"ఆ టేపులో ఏముండె?"
"ఎవరికి తెలుసు? జామచెట్టుకు కడతా,
చిలకలు రావు."

పాటతో పాటే ఒక ఈల.
యాక్సిలేటర్ తొక్కే కొద్దీ పైపైకి ఎక్కతా ఉంది.
"రెండు చోట్ల నేల తగిలిందన్నా, అందుకే ఏడస్తాది.
దేనికైనా ఒక్క చోటే నేల ఉండాల."
తీగ గురించే అన్నాడు.
అయినా నేను కొంచేపు మాట్లాడలేదు.

ఎనిమిది వందలు ఇచ్చి బయటపడినాను.
గాంధీ బొమ్మ కాడ ఎర్ర లైటు.
అద్దాలు దించి, పండరి భజన పెట్టి
దర్జాగా తాళం వేస్తా ఉంటే
నాలుగు స్పీకర్లలో ఒకేసారి కుప్పమ్మ గొంతు:
"సారూ, మా ఎర్రది పొద్దుట్నించి అరస్తానే ఉంది,
ఎదకొచ్చింది, బిన్నే రాండి!"
పక్కన స్కూటరు మీద సిల్కు చొక్కా పెద్దాయన
నన్ను గాదు, కారును ఎగాదిగా చూసినాడు.

మొగిలి ఘాటు ఎక్కేసరికి చీకటి.
మూడో మలుపులో సిగ్నల్ పోయి
భజన సగం మాటలో తెగింది.
ఫారెస్టు వాచరు టార్చి ఊపినాడు.
"ఏనుగులు సార్. లైట్లార్పు, ఇంజనాపు."
ఆపినాను. తాళం చెవి మటుకు
ఒక మెట్టు మీదనే ఉండిపోయింది.
వెదురు విరిగిన చప్పుడు.
ఆనెక అదీ లేదు.

అప్పుడు వినపడింది, డెక్కు లోపల
ఆ డొక్క క్యాసెట్టు
టక్కు... టక్కు... అని మెల్లిగా
పాట వచ్చినా రాకపోయినా ఒకటే తిరుగుడు.
ఈ చప్పుడు నాకు ఎరికే.
అర్ధరాత్రి కొట్టంలో, లాంతరు తగ్గించినాక,
ఆవు నెమరేసేది ఇట్లనే ఉంటాది.

గడియారం తొమ్మిదీ పది అంటా ఉంది.
పదకొండు కలుపుకున్నాను.
ఎర్రది ఇంకా అరస్తా ఉంటాది, పాపం.