రవాణా బోల్టులు

"నడుస్తోంది మూర్మాన్, కాళ్లొచ్చినట్టు నడుస్తోంది,
నిన్న గుమ్మం దాకా వచ్చి ఆగింది"
అంది ఫోన్లో త్సియాలా.
దెయ్యాల కేసులు నేను చూడనన్నాను.
అయినా వెళ్లాను. కుతాయిసి చివర, కొత్త అపార్ట్‌మెంట్లు,
చిల్లర వేస్తే గానీ కదలని లిఫ్టు.

బాత్రూమ్‌కి అడ్డంగా నిలబడి ఉంది మెషిన్,
పలుపు తెంచుకున్న గేదెలా.
మీట చుట్టూ పద్నాలుగు గుర్తులు.
అరవై డిగ్రీల కాటన్ దగ్గర మాత్రమే రంగు చెరిగింది.
"తెచ్చిన కుర్రాడు అక్కడ పెట్టి పోయాడు,
మనమెందుకు కెలకడం?"
మనవడి ఉన్ని స్వెట్టర్ చూపించింది.
ఇప్పుడది పిల్లికి సరిపోతుంది.
పిల్లి ఒప్పుకోవట్లేదు.

సరే, కూచోమన్నాను.
ఇదిగో, నీళ్లలో చెయ్యి ముంచిన బొమ్మ, ఇది ఉన్నికి.
మధ్యలో చాలాసేపు ఉలకదు. చచ్చిందని తన్నకు, నానుతోంది.
పని నానబెడితే చెడుతుంది గానీ బట్టకి అదే మేలు.
పువ్వు గుర్తున్న అరలో సబ్బుపొడి పొయ్యకు,
చివరి జాడింపులో దిగుతుందది,
అందుకే నీ గలీబుల నిండా తెల్లటి చారలు.
తొట్టి కూరకు. బట్టల పైన అరచెయ్యి నిలువుగా పట్టాలి.
ఎగిరి పడితేనే ఉతుకు.
మా నాయనమ్మ బండకేసి బాదేది,
ఇందులో బట్ట తనని తానే బాదుకుంటుంది.

కరెంటు బిల్లు వెనక రాసుకుంటోంది ఆవిడ.
ఫిల్టర్ విప్పితే రెండు గుండీలు, లిఫ్టు చిల్లర, ఒక ద్రాక్షగింజ.

అప్పుడు వెనక్కి తిప్పి చూశాను.
నాలుగు బోల్టులు.
దారిలో డ్రమ్ము ఊగకుండా ఫ్యాక్టరీలో బిగించినవి.
ఇల్లు చేరగానే తియ్యాలి,
పుస్తకంలో రెండో పేజీలోనే ఉందా మాట.
పద్నాలుగు నెలలుగా ఇది
ఇంకా లారీలోనే ఉన్నాననుకుంటోంది.
లోపల ఊగడానికి వీల్లేక ఒళ్లంతా ఈడ్చుకుని నడిచింది.

"ఎక్కడికి పోదామనో" అంది, నాతో కాదు.

నేను తలెత్తలేదు. వచ్చేటప్పుడే చూశాను,
హాల్లో తాడు విప్పని రెండు పెట్టెలు,
గోడకి ఆనించిందే తప్ప తగిలించని సముద్రం ఫోటో.
సుఖుమిది.
యుద్ధం నాటికి నాకు తొమ్మిదేళ్లు. ఆవిడకి ముప్ఫై దాటి ఉంటాయి.

మూడు తేలిగ్గా వచ్చాయి.
నాలుగోది మొరాయించింది,
ఆవిడే వచ్చి స్పానర్ మీద చెయ్యేసింది.
రంధ్రాలకి మూతలు పెట్టాం, కింద కాళ్లు సరిచేశాం.
పైన గ్లాసెడు నీళ్లు పెట్టి ఎనిమిది వందల చుట్లకి తిప్పాను.
లోపల ఒకటే హోరు.
గ్లాసులో నీళ్లు కాస్త వణికాయి.
మెషిన్ కదల్లేదు.

బోల్టులు పారెయ్యొద్దు, ఇల్లు మారితే మళ్లీ కావాలి, అన్నాను.
చెప్పాలి, రూలది.
ఓ కాఫీ డబ్బాలో వేసి మూత బిగించింది.
ఎక్కడ పెట్టాలో తేలక
కుడిచేత్తో దాన్ని అలాగే పట్టుకుని
నాకు డబ్బులు ఎడంచేత్తో ఇచ్చింది.